నలభై ఒకటో ఎపిసోడ్‌లో సగం

ఆమెది పుస్తకాలకు అట్టలు కట్టే పని. లైబ్రరీ వెనక గదిలో, కిటికీ పక్కన, వెన్ను విరిగిన పుస్తకాలు బల్ల మీద వరసగా పడుకుని ఉంటాయి. ఒక్కోదాన్ని విప్పి, దారంతో కుట్టి, జిగురు రాసి, బరువు కింద పెడుతుంది. జిగురు ఆరేదాకా చేతులు ఖాళీ. ఆ ఖాళీలోనే బ్లాగు మొదలైంది. అందులో తన పేరు ‘జిగురు’ అని పెట్టుకుంది. రానురాను ఇంట్లోవాళ్లూ అలాగే పిలవసాగారు.

పాడ్‌కాస్ట్ అన్న మాటకు జనానికి ఇంకా నోరు తిరగని రోజుల్లో, జిగురూ ఆమె వదినా కలిసి ఒకటి నడిపారు. అన్నయ్య భార్య ఈ వదిన. వేరే ఊళ్లో పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఎవరింట్లో వాళ్లు, ప్రతిధ్వని రాకుండా దుప్పటి ముసుగేసుకుని, చెవికి ఫోను, నోటి ముందు మైకు పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఎవరి గొంతు వాళ్ల దగ్గరే రికార్డయ్యేది. ముందుగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి ఇద్దరూ ఒక్కసారి చప్పట్లు కొట్టాలి. తర్వాత వదిన తన సగం పంపితే, జిగురు కంప్యూటర్లో రెండు చప్పట్లనూ ఒకదాని కిందికి ఒకటి జరిపేది. అంతే, రెండూళ్ల మాటలు అంచుకు అంచు అతుక్కునేవి.

ఏం మాట్లాడేవాళ్లని? లైబ్రరీ పుస్తకాల్లో జనం మర్చిపోయిన బస్సు టికెట్ల గురించి. పళ్ల డాక్టరు కుర్చీ చూడగానే నొప్పి తగ్గిపోయిందని లేచిపోయేవాళ్ల గురించి. వినేవాళ్లు నూట పన్నెండు మంది. అందులో ఒకాయన, మీ మాటల్లో పడి తోమిన గిన్నెలే మళ్లీ తోముతున్నానని ఉత్తరం రాశాడు.

ఇంతలో వీడియోలొచ్చాయి. మొహాలు చూపిద్దామంది వదిన. వద్దంది జిగురు. నలభై ఒకటో ఎపిసోడంతా ఆ వాదనే. అది చాలదన్నట్టు మర్నాడు జిగురు బ్లాగులో రాసింది: “మొదటి ఎనిమిది సెకన్లలో నోరు తెరుచుకుని నిలబడకపోతే ఇప్పుడెవరూ ఆగరు. అద్దం ముందునుంచి లేవనివాళ్లతో కబుర్లేం చెబుతాం?”

ఆ ఎపిసోడ్‌కి వదిన సగం రాలేదు. పాడ్‌కాస్ట్ అక్కడే ఆగింది.

నాలుగేళ్లయింది. ఇంట్లో ఏదైనా కార్యమైతే ఎదురుపడతారు. బాగున్నావా అంటే బాగున్నాను. అక్కడితో సరి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం, ఆ తొలిరోజుల గురించి బ్లాగు రాద్దామని కూర్చుని, జిగురు నలభై ఒకటో ఎపిసోడ్‌లో తన సగం ఉన్న ఫైలు తెరిచింది. తన గొంతే. “లేదు వదినా.” తర్వాత నిశ్శబ్దం. “అదేం కాదు.” మళ్లీ నిశ్శబ్దం. ఒక్కో నిశ్శబ్దం తలుపు తెరిచిపెట్టిన గదిలా ఉంది. ఆమె ఒక్కోదాంట్లోకీ వెళ్లింది. ఒకదాంట్లో అప్పటి అద్దె ఇంటి కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. ఇంకోదాంట్లో దుప్పటి కదిలింది. మరోదాంట్లో బస్సు చప్పుడు వంపు తిరిగి, ఎక్కడికో తేలిపోయింది. కిటికీలోంచి పడిన ఎండ బల్ల మీద మెల్లగా జరుగుతోంది. ఆ ఎండ ఇప్పటిదో అప్పటిదో కాసేపు ఆమెకు తెలియలేదు.

సౌండు పూర్తిగా పెంచింది. అగ్గిపెట్టెలో చీమ మాట్లాడుతున్నంత సన్నగా ఇంకో గొంతు. చెవి దగ్గరి ఫోనులోంచి కారి మైకులో పడ్డ వదిన మాటలు. ఒకప్పుడు రెండు సగాలూ అతికేటప్పుడు వీటిని మరకల్లా తుడిచేసేది. ఇప్పుడు చెవి స్పీకరుకు ఆనించింది.

“ఎవరో చూడాలని కాదే. నువ్వు నవ్వితే ఆ వంకర పన్ను బయటికొస్తుంది చూడు. దాన్ని చూసి రెండేళ్లయింది...”

ఆ మాట మీదే తన గొంతు పెద్దగా పడింది: “సరే సరే, నీకు సబ్‌స్క్రయిబర్ల పిచ్చి పట్టింది.”

మూడుసార్లు విని ఫోను తీసుకుంది. జీవితంలో మొదటిసారి తనంతట తాను, వదిన పేరు పక్కనున్న వీడియో గుర్తు నొక్కింది. ముందు ఫ్యాను కనబడింది, తర్వాత వదిన నుదురు.

“ఏంటే, పొరపాటున నొక్కావా?”

“లేదు వదినా. నలభై ఒకటోది నీ సగం ఉందా?”

“ఎందుకు లేదు? నువ్వడగలేదు, నేను పంపలేదు.”

“పన్ను గురించి అన్నావుగా. నాకప్పుడు వినపడలేదు.”

“వినపడలేదా, వినలేదా?”

“వినలేదు. ఆ అద్దం మాట కూడా రాయకుండా ఉండాల్సింది.”

“నాలుగేళ్లు పట్టిందా తల్లీ, ఆ ముక్క అనడానికి! నీ జిగురు భలే ఆలస్యంగా ఆరిందే.” వదిన నుదురు కిందికి జరిగి, మొహమంతా కనబడింది. “ఏదీ, నవ్వు.”

“నవ్వమంటే వస్తుందా ఏంటి!” అంటూనే నవ్వేసింది.

“అదిగో! ఇంకా వంకరగానే ఉంది. మా డాక్టరు చూస్తే రెండు నిమిషాల్లో పీకేస్తాడు.”

“పన్ను సంగతి తర్వాత. ముందు నీ సగం పంపు.”

“పంపుతాలే. అది పాతది. కొత్తది చేద్దామా? దుప్పటి తెచ్చుకో.”

“దుప్పట్లో మొహమేం కనపడుతుంది వదినా?”

“పన్ను కనపడితే చాల్లే. ఊఁ, ఒకటి, రెండు, మూడు.”

వీడియోలో రెండు చప్పట్లూ ఒకేసారి పడలేదు. జిగురుది పడ్డ అర క్షణానికి వదినది వచ్చింది. జిగురు దాన్ని సరిచెయ్యాలనుకోలేదు.