అవ్వ చల్లిన మందు

నా చిన్నప్పుడు వచ్చిన యుద్ధాన్ని దేవరకొండ అవతల మా పల్లెలో ఎవరూ చూడలేదు, విన్నారంతే. శత్రువు విషగాలి వదులుతాడని, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోకపోతే ఉన్నచోటే కూలిపోతామని పుకారు. ఎవరు పుట్టించారో తెలియదు. పొద్దుగూకితే ఊరంతా తడి తువ్వాళ్లతో తిరిగేది. మా అవ్వ మాత్రం అరుగు మీద కూర్చుని ఆ ముఖాలను శ్రద్ధగా చూసేది. "కానరాని దానికే గిట్ల వణుకుతున్నరు" అని ఒకసారి తనలో తాను నవ్వుకుంది.

మా ఇంట్లో మగదిక్కు లేదు. నాయిన పోయాక అవ్వ, అమ్మ, నేను మిగిలాం. మా తిండికి ఆధారం ఒక్క పల్లిచేను. ఆ యేడు పొరుగూరి గొర్ల ఆసామి తన మందను రోజూ మా చేనులోకే తోలాడు. అడ్డుపడిన అమ్మను కర్రతో నెట్టేశాడు. పెద్దమనుషులు అతని వైపే మాట్లాడారు.

అవ్వ ఖాళీ ఎండ్రిన్ పురుగుమందు డబ్బా ఒకటి తెచ్చి, కడిగి, నీళ్లు నింపింది. అందరూ చూస్తుండగా వేపమండతో చేనంతా చల్లింది. విషం కొట్టానని వాడవాడకూ చెప్పి వచ్చింది. కొన్నాళ్లు మంద రాలేదు. తర్వాత ఆసామి ఒక ముసలి గొర్రెను తోలి చూశాడు. దానికేమీ కాలేదు. మంద మొత్తం మళ్లీ చేనులోకి దిగింది.

"ఏమవ్వా, నీ మందు తిని మా గొర్లు ఇంకింత బలిసినయి. జర రేపు గూడ చల్లు!" అని అతను గట్టు మీద నిలబడి నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే అవ్వ నన్ను లేపింది. "నీ మేకపిల్ల తాడు తెంపుకొని చేను దిక్కు వోయింది. చూసిరా పొల్లా."

తల్లిమేక చస్తే, పాలలో వేలు ముంచి చప్పరించనిచ్చి నేను పెంచిన పిల్ల అది. గట్టు కింద నోట నురగతో పడి ఉంది. దాని మీద పడి నేను ఏడ్చిన ఏడుపుకు చుట్టుపక్కల చేలవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. ఆసామీ వచ్చాడు. అతను మేకపిల్లను ఎక్కువసేపు చూడలేదు, నా ముఖాన్నే చూశాడు. మందను మళ్లించుకుపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం అవ్వ బూడిదతో చేతులు రుద్దుకుంటుంటే అడిగాను, దానికి విషం నువ్వే పెట్టావా అని.

"పెట్టిన. ఉత్త మాటకు ఎన్ని దినాలు బెదురుతరు బిడ్డా? ఒకటి సావాలె."

"నాకు ముందుగాల చెప్పకపోతివి?"

"చెప్తే గట్ల ఏడుస్తవా?"

ఆ యేడు మేము పస్తులుండలేదు.

ఇప్పుడు టీవీలో యుద్ధవార్తలు విని డైరీలో రాసుకుంటుంటాను. ఏదో ఒక దేశం విషవాయువు పేరు చెప్పి బెదిరిస్తుంది. అదంతా ఉత్త మాటేనని తెలిసినవాళ్లు ధీమాగా కొట్టిపారేస్తారు. ఆ ధీమా వింటేనే నాకు భయం. ఉత్త మాట కాదని నమ్మించడానికి ఎవరిని ఎంచుకుంటారో అనిపిస్తుంది.

అవ్వ పోయిననాడు శోకం పెట్టమని ఆడవాళ్లు నన్ను ముందుకు తోశారు. కళ్లు తడిశాయి గాని గొంతు లేవలేదు. రాయిగుండెది అన్నారు. నిజానికి నాకు ఏడుపు వస్తుంది. వచ్చినప్పుడల్లా, అది ఎవరికి పనికొస్తుందోనని ముందు చుట్టూ చూస్తాను.