అత్త పిడికిలికి పోసిన కంచు కత్తి

ఆ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది భావనపాడు నుంచి చేపల తట్టతో వచ్చే అప్ప. అక్కను మా వైపు అప్ప అంటాం. ఆమె నాకు వరసకు ఏమీ కాదు గానీ, నేను కాపరానికి వచ్చినప్పటి నుంచీ అలాగే పిలుస్తున్నాను. ఆ రోజు తట్ట ఇంకా నెత్తి మీదే ఉంది, వీధిలోంచే కేక వేసింది.

"కోడలమ్మా, బేగి రా! టెక్కలిలో కంచు కత్తులు పోసేవోడు ఉన్నాడట. ఉత్తుత్తివి కావు, కోసేవి!"

జీడిపిక్కలు ఆరబోస్తున్నదాన్ని అలాగే వదిలేసి పరుగెత్తాను. "నిజంగా కోస్తుందా అప్పా?"

"మా చిన్నదాని అత్తోరిల్లు ఆల ఈదిలోనే. అరటిబోద నరికి సూపించినాడట. సేపల కాడ అబద్దమాడతాను గాని అమ్మోరి కాడ ఆడతానేటి?"

అక్కడే, వీధిలోనే రెండు చేతులూ జోడించేశాను. ఎందుకో చెప్పాలి.

మా ఊరి అమ్మవారికి ఒక కంచు కత్తి ఉండేది. ఈ సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టిపోతుందని పెద్దలు ఎప్పుడో కంచుతో చేయించారు. ఏటా అమ్మవారి జాతరలో, మేము సంబరం అంటాం, ఊరి పొలిమేరన బూడిద గుమ్మడికాయను ఆ కత్తితో ఒక్క వేటుకు రెండు చెక్కలు చేయాలి. ఆ వేటు మా ఇంటి పెద్ద కోడలిది. అంటే మా అత్తది. కిందటేడు ఆమె కత్తి ఎత్తి వేయగానే కాయ అలాగే ఉంది, కత్తి రెండు ముక్కలైంది. డప్పులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో గుంపులోంచి ఎవరో, "పట్టిన సేతిలో ఏటో లోపముంది" అన్నారు. ఎవరన్నారో ఈనాటికీ తెలియదు. మా అత్త మాత్రం విన్నది.

ఆ రోజు నుంచి ఆమె గుడి గడప తొక్కలేదు. ఇంట్లో దీపం కూడా నన్నే పెట్టమంది. "నా సెయ్యి మంచిది కాదే" అనేది, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. పలాసలో ఉక్కు కత్తి కొని ఆ వేటు వేరే ఇంటివాళ్ళకు అప్పగిద్దామని పెద్దలు వస్తే, "అలగే ఇచ్చేయండి" అంది. ఎదురుచెప్పి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. నాకు అక్షరాలూ, అమ్మవారి పాటలూ మా నాన్న ఇంటి దగ్గరే నేర్పాడు. అమ్మవారిని ఏదీ పెద్దగా అడగవద్దని కూడా ఆయనే చెప్పాడు. అందుకని ఏడాది పొడుగునా ఒక్కటే అడిగాను, మా అత్తను మళ్ళీ నీ ముందుకు పిలుచుకోమని.

మర్నాడే అప్పా నేనూ టెక్కలి వెళ్ళాం. విరిగిన ముక్కలు రెండూ నూలు చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. అత్తను రమ్మంటే, "మీరెల్లండి, నాకు పనున్నాది" అంది. ఆమె చేతిలో చాటైనా లేదు.

కొలిమి ఉన్న ఆ చిన్న పాకలోకి అడుగు పెట్టగానే గుమ్మంలోనే ఆగిపోయాను. గోడకు వరసగా కత్తులు! ఆకులా నడుము దగ్గర వెడల్పై కొసకు సన్నబడినవి, పొట్టివి, పొడుగువి. ఇనుము రాక ముందు మనుషులు పట్టిన కత్తులకు అవి నకళ్ళట. ఆ కత్తులు పోసే అతని నాన్న కంచు పళ్ళేలూ గంటలూ చేసేవాడు. అవి కొనేవాళ్ళు తగ్గాక ఇతను ఫోనులో పాత కత్తుల బొమ్మలు చూసి ఈ పని పట్టుకున్నాడు. కొత్త కంచు తేనె రంగులో మెరుస్తోంది. అంతవరకూ కత్తిపీట తప్ప పట్టి ఎరగనిదాన్ని, ఒకటి చేతికిస్తే ఇక దింపబుద్ధి కాలేదు.

అలవాటు చొప్పున పళ్ళేన్ని చూసినట్టు గోటితో కొట్టి చూశాను. టక్కుమంది, అంతే. "ఇది మోగదేం? ఇత్తడి కలిపారా?"

అతను నవ్వాడు. "పళ్ళెంలాగ మోగితే పళ్ళెంలాగే పగుల్తాదమ్మా. తగరం ఎక్కువేత్తే మోత, తగ్గిత్తే బలం. మీ పాతది మోగేదేటి?"

"గుడి గంటలా మోగేది."

"అదే మరి." పాత ముక్కను వెలుగుకు తిప్పి విరిగిన చోటు చూపించాడు. సగం నల్లగా మాసి ఉంది, సగం కొత్తగా మెరుస్తోంది. "ఈ నల్లది ఎప్పటిదో పగులు. లోపల్లోపల ఉండిపోయింది. ఎవరు కొట్టినా ఆ ఏడు ఇరిగిపోయేదే."

"సూసినావా!" అని అప్ప నా వీపు మీద ఒక్కటి చరిచింది. నాకు దెబ్బ కూడా తీపిగానే తగిలింది.

"షోకేసుకా, కొయ్యడానికా?" అని అడిగాడతను.

"గుమ్మడికాయ. ఒక్క వేటు."

అతని మొహంలో నవ్వు పోయి పని వచ్చింది. కత్తి ఎవరు పడతారని అడిగాడు, ఆవిడ ఎందుకు రాలేదని అడిగాడు. నేను నసుగుతుంటే గుప్పెడు మైనం ముద్ద తెచ్చి చేతిలో పెట్టాడు. "పిడి సేతికి కుదరకపోతే కత్తి ఎంత మంచిదైనా దెబ్బ కాడ తిరిగిపోద్ది. దీన్ని ఎండలో మెత్తబెట్టి ఆవిడ సేత గట్టిగా పట్టించి తెండి. ఆ అచ్చు మీదే పోత్తాను."

ఇంటికి వచ్చీ రాగానే ఊపిరి తీసుకోకుండా పగులు సంగతి చెప్పేశాను. అత్త అంతా విన్నది. "నన్ను ఊరుకోబెట్టడానికి సెప్తన్నావు" అని లేచిపోయింది.

ఇక మిగిలింది మైనం. మర్నాడు మధ్యాహ్నం అత్త అరుగు మీద కూర్చుని ఉంటే, ఎండకు మెత్తబడిన ముద్దను తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. "అత్తా, ఇది కాస్త నొక్కి చూడు. ఆవు కాలికి కట్టే మందు."

ఆమె వాసన చూసింది. "తేనెపట్టు మైనం ఆవుకి కడతారేటే?"

నాకు అబద్ధం రాదు. వచ్చి ఉంటే ఇంకొంచెం మంచిది చెప్పేదాన్ని. తల వంచుకుని నిలబడ్డాను. ఆమె ఆ ముద్దను అరచేతిలో అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు కూర్చుంది. నేను లోలోపల అమ్మవారిని తలచుకుంటూనే ఉన్నాను.

"గట్టిగా పట్టుకోవాలా, మెల్లగానా?" అంది చివరికి.

"గట్టిగా అత్తా! వేటు వేసేటప్పుడు ఎలా పడతావో అలా."

ఆమె లేచి నిలబడింది. కూర్చుని కత్తి పట్టరు కదా. కొంగు బొడ్లో దోపి, కాళ్ళు ఎడం చేసి, పిడికిలి బిగించి చెయ్యి పైకెత్తింది. మణికట్టు మీద నరాలు తేలాయి. తర్వాత మెల్లగా వేళ్ళు విప్పి ముద్దను నా చేతికిచ్చింది. "ఉంగరం గురుతు కూడా పడినట్టున్నాది, సూడు. తుడిపేయమను." వంటింట్లోకి వెళ్ళి తలుపు చాటున గంతులు వేశాను, ఈ వయసులో.

పాత ముక్కలతో పాటు ఆ అచ్చునూ అతనికి పంపాను; కత్తి తయారైందని కబురు రాగానే మళ్ళీ అప్పా నేనూ పరుగు. పాత కత్తికి అచ్చంగా నకలు. అదే పొడుగు, అదే వంపు, పిడి మీద మాత్రం మా అత్త వేళ్ళ గుంటలు. అంచును వేడి లేకుండానే సుత్తితో కొట్టి కొట్టి గట్టిపరిచాడట. పరీక్షకు అరటిబోద నిలబెట్టి అతను నరకబోతుంటే, "నేను కొడతాను" అనేశాను. అప్ప, "ఓలమ్మ!" అంటూ వెనక్కి గెంతింది. కొట్టాను. ఏమీ తగిలినట్టే లేదు. తగల్లేదేమో అనుకున్నాను. అంతలో బోద పై సగం నెమ్మదిగా జారి కింద పడింది. ఆ కొలిమి ముందే కత్తిని కళ్ళకద్దుకున్నాను.

పలాస బస్సులో దుప్పటి చుట్టిన మూట చూసి కండక్టరు, "ఏటమ్మా అది, గునపమా?" అన్నాడు.

"కత్తి" అంది అప్ప, బస్సంతటికీ వినబడేలా. ముందు సీట్లోవాళ్ళు దూరం జరిగారు. "అమ్మోరిదర్రా! బయపడతారేటి?" అనగానే ఇటు జరిగారు. ఇక చూపించక తప్పలేదు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ముట్టుకుని దండం పెట్టుకున్నారు. కండక్టరు కూడా టిక్కెట్ల మిషను చంకలో పెట్టుకుని ఒక దండం పెట్టాడు.

కొత్త కత్తినీ, పాత పగులు కథనూ చూసి విని పెద్దలు వేటు మళ్ళీ మా అత్తకే వదిలేశారు. సంబరం నాడు పొలిమేర దగ్గర ఊరంతా నిలబడింది. అత్త కొంగు బొడ్లో దోపుకుంది. కత్తి అందించాను. ఆమె వేళ్ళు వాటి గుంటల్లోకి వెళ్ళి కూర్చున్నాయి. ఒకసారి నా వంక చూసి, తిరిగి కాయ వంక చూసి, ఎత్తి వేసింది.

రెండు చెక్కలు! ఒకటి డప్పుల వాళ్ళ కాళ్ళ దాకా దొర్లింది. డప్పులు ఒక్కసారి లేచాయి. అందరూ కాయను చూస్తుంటే ఆమె మాత్రం కత్తిని చూస్తోంది, మొదలు నుంచి కొస దాకా వేలితో తడుముతూ. ఎక్కడా ఏమీ లేదు. అప్పుడు ఎవరూ పిలవకుండానే, ఎవరి వంకా చూడకుండానే నడిచి గుడిలోకి వెళ్ళింది. వెనకే నేను. లోపల ఆమె ఏమడిగిందో తెలియదు, నేను కళ్ళు మూసుకుని ఉన్నాను.

బయటకు వచ్చాక నా మొహం చూసి, "ఏటే ఏడుత్తన్నావు? ఎల్లి ఆ కాయ ముక్కలు దారిలోంచి తియ్యి, ఎవులైనా జారి పడగలరు" అంది.

తీశాను. అంత సంతోషంగా ఏ పనీ చేసినట్టు గుర్తు లేదు.

ఇది చదివిన మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను. మీ ఇంట్లో దీపం పెట్టినప్పుడు ఒక్క క్షణం మా అత్తను తలచుకోండి. ఇక ఏ ఏడూ ఆమె గుడి బయట ఉండిపోకూడదని అనుకోండి. పేరు అక్కర్లేదు. ఉద్దానంలో ఒక ఇంటి పెద్ద కోడలు అంటే చాలు, అమ్మవారికి తెలుస్తుంది.