ధాన్యం వైపు నిలబడినవాడు

దేశం తరఫున ఏళ్ల తరబడి టెన్నిస్ ఆడిన మన వీరభద్రం గత గురువారం ఉదయం ఏలూరులో స్వగృహంలోనే కన్నుమూశాడు. అతడి అల్లుడు ఫోన్ చేసి చెప్పేసరికి నేను తాడేపల్లిగూడెంలో మా కొట్టులో కూర్చుని ఉన్నాను. దిగ్భ్రాంతి, దుఃఖం అన్నీ కలిగాయి. కానీ వాటన్నిటికంటే ముందు కలిగిన భావం వేరు. ఇందులోనూ నాకంటే ముందే వెళ్లిపోయాడే అనుకున్నాను. ఇలాంటి వ్యాసంలో రాయదగిన మాట కాదని తెలుసు. కానీ బాల్యమిత్రుణ్ణి కదా అని క్రీడా సంఘం వారు ఏరి కోరి నన్నే రాయమన్నారు. అతణ్ణి చూసి నాకంటే ఎక్కువ అసూయపడ్డవాడు ఈ జిల్లాలో లేడని పాపం వారికి తెలియదు.

మా నాన్నగారికి గూడెంలో రైసు మిల్లు ఉండేది. కాలేజీ రోజుల్లో అంటుకున్న టెన్నిస్ పిచ్చి ఆయన్ను జీవితాంతం వదల్లేదు. ఉడికించిన ధాన్యం ఆరబోసే సిమెంటు చప్టా మీద సున్నంతో గీతలు గీయించి, మధ్యలో వల కట్టించారు. వీరభద్రం మా మిల్లు ఇంజను డ్రైవరు కొడుకు. ముదినేపల్లి దగ్గర పల్లె నుంచి పని కోసం వచ్చిన కుటుంబం వాళ్లది. మాకు పన్నెండేళ్లు వచ్చాక నాన్నగారు మా ఇద్దరి చేతుల్లోనూ చెరో రాకెట్టు పెట్టారు.

చప్టాకి ఉత్తరాన గోడ దాకా ఖాళీ స్థలం ఉండేది. దక్షిణాన మాత్రం గీత దాటి రెండడుగులు వెనక్కి వేస్తే ధాన్యమే. ధాన్యం తిరగేసే వెంకాయమ్మ అక్కడే కాపలా కాసేది. "అన్నం మీద కాలెట్టకండి బాబూ, కళ్లు పోతాయి" అనేది. మిల్లు మాది కనుక ఖాళీ ఉన్న వైపు నాది, ధాన్యం వైపు భద్రానిది. ధాన్యం తొక్కినవాడికి పాయింటు పోతుందన్న నిబంధన కూడా నేనే పెట్టాను.

అతడి ఆట అక్కడ పుట్టింది. వెనక్కి జరిగే దారి లేక, బంతి నేలను తాకిన మరుక్షణమే, మోకాలెత్తు లేవకముందే కొట్టడం అలవాటు చేసుకున్నాడు. రాకెట్టును వెనక్కి లాగి ఊపేవాడు కాదు. జానెడు కదలిక, అంతే. అవతలివాడు తాను కొట్టి కుదురుకునేలోగా బంతి పక్కనుంచి పోయేది. మనిషి పొట్టి, సర్వీసు సాధారణం. ఆ ఒక్క విద్యతోనే రాష్ట్ర ఛాంపియన్ అయ్యాడు, తరవాత జాతీయ ఛాంపియన్ అయ్యాడు. విదేశాల్లో పచ్చిక కోర్టుల మీద ఆజానుబాహులైన ఆటగాళ్లు అతడి ముందు తికమకపడ్డారు. "బంతి లేచేదాకా ఆగితే అది వాళ్లదండీ. లేవకముందే మనది" అని శిష్యులకు చెప్పేవాడు. పసిపిల్లలనైనా అండీ అనకుండా పలకరించేవాడు కాదు. నేనేమో ఉన్న స్థలమంతా వాడుకుని, వెనక్కి వెనక్కి జరిగి ఆడి, జిల్లా పోటీల్లో రెండో రౌండు దాటలేదు.

జాతీయ టైటిల్ గెలిచి వచ్చినప్పుడు ఏలూరులో పౌర సన్మానం చేశారు. పూలదండల బుట్ట పట్టుకుని అతడి పక్కనే నిలబడ్డాను. ఈ ఆట ఎవరు నేర్పారని ఒక విలేకరి అడిగాడు. నా పేరు చెబుతాడని చొక్కా సర్దుకున్నాను. "గూడెం షావుకారు గారి చలవండీ" అన్నాడు భద్రం. మా నాన్నగారు స్టేజీ మీదే కళ్లు తుడుచుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

నాన్నగారి ఆఫీసు గదిలో లక్ష్మీదేవి పటం కింద భద్రం ఫొటోలే అతికించి ఉండేవి. నేను భీమవరంలో ఓడి ఇంటికొచ్చిన రోజు, రాకెట్టు ఇంకా చేతిలో ఉండగానే, "ఏరా, భద్రం మ్యాచ్ ఏమైందో పేపర్లో చూశావా?" అని అడిగారు. నా మ్యాచ్ సంగతి ఆయన అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు. ఆ తరవాత నేను రాకెట్టు ముట్టుకోలేదు.

పోనీ భద్రానికి పొగరన్నా ఉందా అంటే, అదీ లేదు. ఎంత ఎదిగినా నన్ను మీరు అనే పిలిచేవాడు, నేను కూర్చుంటే గానీ కూర్చునేవాడు కాదు. తిట్టుకోవడానికి కూడా సందు ఇవ్వని మనిషితో ఎలా వేగడం? నాకున్న ఊరట ఒక్కటే. అతణ్ణి ధాన్యం వైపుకి నెట్టింది నేను. నా స్వార్థమే అతణ్ణి ఛాంపియన్ని చేసింది. ఆ సంగతి అతడి నోటితో ఒక్కసారి వినాలని జీవితమంతా కాచుకుని ఉన్నాను.

పోయిన ఆదివారం, అంటే మరణానికి నాలుగు రోజుల ముందు, చూడటానికి వెళ్లాను. గుండె జబ్బుతో బాగా నీరసించాడు. మంచం పక్కన కూర్చుని నేనే మొదలుపెట్టాను.

"భద్రం, చిన్నప్పుడు నీకు చెడ్డ వైపు ఇచ్చానురా. మా మిల్లు కదా అన్న పొగరుతో."

అతడు నవ్వబోయి, ఆయాసంతో ఆగాడు. "అది చెడ్డ వైపు కాదండీ. వారానికోసారి వైపులు మార్చుకోమన్నారు మీ నాన్నగారు. మీకు చెప్పమని నాతోనే అన్నారు. నేను చెప్పలేదండీ."

"ఎందుకు చెప్పలేదు?"

"ఆ ధాన్యమే నాకు ఆట నేర్పుతోందని అప్పటికే తెలిసిపోయిందండీ. మీరు ఇటొస్తే మీకూ వచ్చేస్తుందని భయపడ్డాను. మీ చెయ్యి నాకంటే మంచిదండీ. 'మావాడి చెయ్యి మంచిదిరా, ఆ వైపు నిలబడితే నిన్ను మించిపోతాడు' అని మీ నాన్నగారు కూడా అన్నారు. అది కూడా దాచేశాను. నన్ను క్షమించండి."

నాన్నగారు నా గురించి అలా అన్నారని అరవై దాటాక విన్నాను. భద్రం నా ముఖంలోకే చూస్తున్నాడు, జవాబు కోసం. "బస్సుకి టైమైందిరా" అని లేచి వచ్చేశాను. గూడెం చేరేదాకా నా కుడి అరచెయ్యి చూసుకుంటూనే కూర్చున్నాను. ఒక పక్క కోపం, ఒక పక్క పట్టరాని సంతోషం. వచ్చే ఆదివారం వెళ్లి నాలుగు దులిపేసి, ఆ తరవాత ఆలోచిద్దాం అనుకున్నాను.

ఆదివారం దాకా అతడు ఆగలేదు. క్షమించానని ఇక్కడ రాస్తే సంస్మరణ సభలో చప్పట్లు కొడతారు. కానీ అది అబద్ధం. ఇంకా క్షమించలేదు. బతికి ఉంటే వారం వారం ఏలూరు వెళ్లి తిట్టి వచ్చేవాణ్ణి, అతడు అండీ అండీ అంటూ పడి ఉండేవాడు, ఎప్పటికో నా కోపం చల్లారేది. అంత మహా క్రీడాకారుడు ఈ గడ్డ మీద మళ్లీ పుట్టడని అందరూ అంటున్నారు. నిజమే, చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కానీ నేను పోగొట్టుకున్నది వేరు. నా చెయ్యి మంచిదని తెలిసిన ఆఖరి మనిషి వెళ్లిపోయాడు.