అంచు మీద ఎదురు నడక

2007 ఆగస్టు రెండో శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలు. అప్పుడు పుదుచ్చేరిలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండర్ని. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. సైన్సు సంగతులు విని తెలుసుకున్నవే.

క్రయోస్టాట్ అంటే నిలువెత్తు ఫ్లాస్కు. అందులో లిక్విడ్ హీలియం నింపడం నా పని. ఆ చలిలో, బలమైన అయస్కాంతం నడుమ, గోరంత శాంపిల్ వేలాడుతుంది. దాని మధ్యలో ఎలక్ట్రాన్లు ఉన్నచోటే సుడి తిరుగుతాయి. అంచు వెంట మాత్రం దారి ఉంటుంది, అదీ ఒకే దిక్కుకు. ఒక తీగతో అంచును తడితే అల లేచి ఆ దిక్కునే పోతుంది. దాన్ని పట్టడానికి కుడివైపొక తీగ, ఎడమవైపొక తీగ ఉంటాయి. ఆ అలను ఎడ్జ్ ఎక్సైటేషన్ అంటారు.

మా శేషయ్య సారుకు ఒక పట్టింపు. ఆ అల గుడి చుట్టూ తిరిగినట్టు ప్రదక్షిణంగానే పోవాలని అయస్కాంతం స్విచ్చిని ఎప్పుడూ ఒకే వైపు వేయించేవాడు. రెండో వైపు వేస్తే అల ఎదురు తిరుగుతుంది.

ఆ రోజు కొలత సుజాతది. యానాం అమ్మాయి. ఫెలోషిప్ ఆ నెలతో ఆఖరు. తన కొలతలు సరైనవని తేలకపోతే థీసిస్ లేదు. అంతకు ముందు వారమే తండ్రి పోయాడు. మగపిల్లలు లేని ఇల్లు, కొరివి తనే పెట్టి వచ్చింది.

స్క్రీను మీద గీత లేచింది. కుడి తీగ దగ్గర కాదు, ఇన్నాళ్లూ చచ్చినట్టు పడి ఉన్న ఎడమ తీగ దగ్గర.

"తీగలు మార్చి కలిపినావా?" అన్నాడు సారు.

"లేదండి. ఇన్నాళ్ల కొలతలూ తప్పేనా సార్?"

సారు వంగి చూశాడు. స్విచ్చి రెండో వైపుకు ఉంది.

"ఇదెవరు తిప్పినారు?"

"నేనే వేశానండి. ఎప్పట్లాగే వేశాను కదండీ."

నా నోరు ఆగదు. "ఏందమ్మా, మీ నాయన చితి చుట్టూ ఎట్టా తిరిగినావు?"

ఆమె గాలిలో చెయ్యి తిప్పింది. అప్రదక్షిణంగా. అల పోతున్న వైపే.

"హీలియం ఉందా వెంకటేశూ?" అన్నాడు సారు.

"ఉండాది. మీరు మాట్లాడతా కూర్చుంటే ఆవిరైపోతాది."

అయస్కాంతం బలాన్ని మెల్లగా దించి, స్విచ్చి మామూలు వైపు వేసి మళ్లీ ఎక్కించారు. అల కుడి తీగకు వచ్చింది. ఎడమది మళ్లీ చచ్చిపోయింది.

"తీగలు అవే, శాంపిల్ అదే," అన్నాడు సారు. "మారింది అయస్కాంతం దిక్కొకటే, దాంతోపాటే అలా తిరిగింది. నీ కొలతలకు ఇంతకంటే రుజువు లేదు. నా పిచ్చి పట్టింపుతో ఇన్నాళ్లూ దీన్ని చూడనియ్యలేదు."

"ఇంకోసారి అటు వేయనా సార్?" అంది సుజాత. "శ్మశానంలో కళ్లు మూసుకునే తిరిగానండి."

సారు తల ఊపాడు. హీలియం ఉన్నంతసేపూ ఆమె ఆ ఎదురు నడకను రెప్ప వేయకుండా చూసింది.

మనిషి కదలకుండా పనిలో నిలబడితే బాగానే ఉన్నట్టని అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోను, ఎలా ఉన్నావని అడుగుతాను.

ఆ రోజు గదిలో ఉన్నవాళ్లు శేషయ్య సారు, సుజాత, వెంకటేశు అనే నేను. రామ్మూర్తి పేరు కూడా రాయమంది సుజాత. వాళ్ల నాన్న.