తుల్సీరాం పేపర్లో ఎలుక

డాక్టర్ తుల్సీరాంకి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరు దొరికితే వాళ్లకి తాను అచ్చేసిన పరిశోధన పేపర్లు మొదటినుంచి చివరిదాకా వినిపిస్తాడు. క్యాన్సర్ కణాల మీద ఆయన రాసినవి ఏయే దేశాల పత్రికల్లోనో వచ్చాయి. చదివినవాళ్లు ఎందరో తెలియదు కానీ, వినలేక పారిపోయినవాళ్లు ఖమ్మంలో వీధికి పదిమంది ఉంటారు.

పెళ్లి భోజనాల్లో ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. ఒకసారి ఇంట్లో పప్పు మాడితే విసుగ్గా పేపర్ల ఊసెత్తింది భార్య హేమ్లి.

"దీని మీద గూడ నీ పేపరున్నదా ఏంది?"

"మాడుడు మీద లేదు గని, పొగ మీద ఉన్నది. చెప్పాల్నా?"

ఆ పూట హేమ్లి మాడిన పప్పే నోరెత్తకుండా తింది.

ల్యాబు టెక్నీషియన్ సుజనకి మాత్రం తప్పించుకునే దారి లేదు. ఎలుకల మీద రాసిన పేపరైతే ఆమెకి సగం నోటికొచ్చు. ఎలుకకి మందు ఎక్కించే చోటికి రాగానే ఏదో పని గుర్తొచ్చి లేచిపోయేది కనక మిగతా సగం రాదు.

మొన్న భద్రాచలం అవతలి అడవి ఊరినుంచి ముత్తక్క మెడ మీద గడ్డతో వచ్చింది. తుల్సీరాం సూదితో గడ్డలోంచి కాస్త తీసి, స్లైడు మీద పూసి సుజనకిచ్చాడు. ముత్తక్క సంచి భుజానికేసుకుంది.

"నేను పోత సారు. బస్సు పోతే ఊరు చేరలేను. మల్ల ఎప్పుడన్న వస్త."

"కూసో ముత్తక్కా, ఒక ముచ్చట చెప్త," అని ఆయన ఎలుకల పేపరు ఎత్తుకున్నాడు.

సుజనకి ఒళ్లు మండింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన మనిషికి ఎలుకలా? ఆయన్ని పక్కకి పిలిచింది.

"పాపం, పోనియ్యరాదు సార్? రిపోర్టు రేపొచ్చి తీస్కుంటది గద."

"రేపంటే వస్తదనుకున్నవా? కారేపల్లి కాడ మా తండాలకెల్లి ఎవరొచ్చిండ్రు? రిపోర్టులు ఈడ్నే పడున్నయి, మనుషులే రాలె. నువ్వు జల్దీ స్లైడుకి రంగు ఎక్కియ్యి. పెద్దమనిషి ముచ్చట చెప్తుంటే ఊరోళ్లు నడుమ లేచి పోరు. నువ్వే పోతవ్."

సుజనకి సిగ్గేసింది. దూరం ఊళ్లవాళ్లకే పేపర్లు పొడుగవడం, వాళ్లు అదే రోజు రిపోర్టుతో బస్సెక్కడం రోజూ చూస్తూనే ఉంది. రెంటినీ ఎప్పుడూ కలిపి చూడలేదు.

రంగెక్కిన స్లైడు తీసుకుని తుల్సీరాం మైక్రోస్కోపు ముందు కూర్చోగానే ముత్తక్క మళ్లీ సంచి అందుకుంది. సుజన గబగబా వెళ్లి, ఆయన ఆపిన చోటినుంచి ఎలుకల ముచ్చట ఎత్తుకుంది. ఎలుకకి మందు ఎక్కించేదాకా వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాతేమిటో తెలిస్తే కదా! అంతలో ఆయనే బయటికొచ్చాడు.

"క్యాన్సర్ కాదు ముత్తక్కా, టీబీ గడ్డ. గోలీలు మీ దగ్గరి సర్కారు దవాఖానాల ఉత్తగనే ఇస్తరు. నడుమ ఆపొద్దు, మంచిగైతవ్. ఇగ నడువు, బస్సుంది."

ముత్తక్క కళ్లు తుడుచుకుంది. రిపోర్టు సంచిలో దాచుకుంది. కానీ లేవలేదు.

"ఆ ఎలుక బతికిందా సారు?"

లోపలికి వెళ్లబోయిన తుల్సీరాం గబుక్కున వెనక్కి తిరిగాడు. ఆయన పేపరు గురించి ఒక మనిషి తనంతట తాను అడగడం అదే మొదలు.

"బతికింది ముత్తక్కా. పిల్లల్ని గూడ పెట్టింది."

ఆమె నవ్వుకుంటూ బస్సుకి వెళ్లింది. సుజన ఆయనవైపు అనుమానంగా చూసింది.

"నిజంగనే బతికిందా సార్?"

"చివరిదాక వింటే తెలుస్తది."

ఈసారి ఏ పనీ గుర్తు రాలేదు. సుజన బెంచీ మీద కూర్చుంది.