రెండు గేట్ల నడుమ మనిషి

మా కాలేజీ నోటీసు బోర్డు మీద వ్యాసరచన పోటీ కాగితం అంటించిన ప్రతిసారీ పిల్లలు నా దగ్గరికి వచ్చి ఏ కథ మీద రాస్తే గెలుస్తామని అడుగుతారు. అచ్చయిన కథ మీద రాయండి, పుస్తకం చేతిలో పెట్టుకుని రాయండి అంటాను. దూరవిద్యలో చదివి ఆలస్యంగా లెక్చరరైన ఈ మనిషికి ఇంతకన్నా ఏమీ తెలియదా అన్నట్టు వాళ్లు మొహాలు చూసుకుంటారు. తెలుసు కానీ చెప్పను.

నేను సంగారెడ్డిలో డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నప్పుడు అలాంటి పోటీ ఒకటి వచ్చింది. విషయం, కల్పనా సాహిత్యంలో మధ్యస్థితి. గెలిచినవాళ్లకు యూనివర్సిటీలో రెండేళ్ల ఎమ్మే చదువుకు, హాస్టలుకు అయ్యే ఖర్చంతా ఇస్తారు. గెలవకపోతే నాకు ఇస్నాపూర్ దగ్గర మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని సిద్ధంగా ఉంది. అమ్మ అప్పటికే మాట్లాడి పెట్టింది. మధ్యస్థితి అంటే ఏమిటని మా తెలుగు సారును అడిగాను. "గడప మీద నిలబడ్డ మనిషమ్మా. లోపటికి రాలేదు, బయటికి పోలేదు. అట్లాంటి పాత్ర ఉన్న కథ ఒకటి పట్టుకొని రాయి" అన్నాడు. మా లైబ్రరీ బీరువా అంతా గైడ్లే. కథ దొరకలేదు కానీ, అలాంటి మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.

నాయన పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగేవాడు. పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మనిషే. ఆ ఫ్యాక్టరీకి రోడ్డు మీద ఒక గేటు, కొంచెం లోపల ఇంకో గేటు. రోజూ పొద్దున కావలసినదానికన్నా ఎక్కువమందిని మొదటి గేటు దాటించి, రెండింటి మధ్య నిలబెడతారు. లోపల ఎవరెవరు పనికి రాలేదో చూసుకుని సూపర్‌వైజర్ పేర్లు పిలుస్తాడు. పిలిచినవాళ్లు లోపలికి పోతారు. మిగిలినవాళ్లు ఎండలో రెండు గంటలు నిలబడి మా ఊరు చిట్కుల్‌కు తిరిగొస్తారు. మధ్యలో బయటికి పోతే ఆ రోజుకు పేరు కొట్టేస్తారు కాబట్టి ఎవరూ కదలరు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, ఆ జాగా అట్లాంటిది.

దాన్నే కథ అని రాశాను. అంటే, ఎవరో రాసిన కథను చదివి విశ్లేషించినట్టు రాశాను. అట్ట ఊడిపోయిన పాత సంకలనంలో చదివానని, రచయిత పేరున్న పేజీ చిరిగిపోయిందని ఒక అబద్ధం అల్లాను. గేట్ల నడుమ మనిషి నీడ కోసం గోడ పక్కకు ఎట్లా జరుగుతాడో, తనది కాని పేరుకు కూడా ఎట్లా తల ఎత్తుతాడో నాలుగు పేజీలు నింపాను. సిగ్గనిపించలేదు. గర్వంగానే ఉండింది.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. చివరి ముగ్గురిలో నేనున్నాను. మాట్లాడటానికి రావాలి, కథ ఉన్న పుస్తకం వెంట తేవాలి. లేని పుస్తకం ఎక్కణ్ణుంచి తేను? నాయనకు వ్యాసం చదివి వినిపించి, చేసిన పని చెప్పాను.

"గా గేటు కాడ నిలవడేది నేనే గదా" అన్నాడు.

"అవు నాయనా."

"మరి పరేషాన్ ఎందుకు? నిజమా అబద్ధమా అనే గద వాళ్లు చూసేది. నేనొస్త. పాస్ గూడ తెస్త."

నిజమైతేనే తప్పని ఆయనకు ఎట్లా చెప్పను? పోటీ కల్పన మీద. నిజమంటే పోటీకి పనికిరాదు, లేని కథంటే మోసం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రావద్దన్నాను, వినలేదు. ఆయన దృష్టిలో దేనికైనా రుజువు మెడలో వేసుకునే గేటు పాసే.

ఆ రోజు పని మానుకుని, కంపెనీ నీలం చొక్కా ఇస్త్రీ చేయించుకుని, పాస్ మెడలో వేసుకుని నాతో సంగారెడ్డి బస్సెక్కాడు. గదిలో ముగ్గురు న్యాయనిర్ణేతలు కూర్చుని ఉన్నారు. నేను లోపలికి వెళ్లాను. నాయన చెప్పులు విప్పి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

వాళ్లలో ఒక పెద్ద వయసు మేడమ్ నా వ్యాసం ముందు పెట్టుకుని, "ఇంత మంచి కథ నా కంట ఎందుకు పడలేదా అనుకుంటున్నాను. పుస్తకం తెచ్చావా?" అంది. ఇంటి రేకులు కారి తడిసి పాడైపోయిందన్నాను. ఆమె నా మొహం చూసి, తర్వాత తలుపు వైపు చూసింది.

"ఆయన ఎవరు?"

నాయన మొహం వెలిగింది. పాస్ చేతిలోకి తీసుకుని పైకెత్తి, "మేడమ్, గా గేట్ల నడుమ..." అని మొదలుపెట్టాడు.

"మా పక్కింటాయన మేడమ్, తోడు వచ్చిండు" అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు. ఎమ్మే కోసం అన్నాను. ప్యాకింగ్ టేబుల్ కళ్ల ముందు కనబడి అన్నాను. నాయన నావైపు ఒకసారి చూసి, పాస్‌ను చొక్కా లోపలికి తోశాడు.

"అవు మేడమ్. పక్కింటోన్ని" అన్నాడు.

పుస్తకం చూడకుండా ఏమీ చేయలేమని మేడమ్ మర్యాదగానే చెప్పింది. పది నిమిషాల్లో బయటికొచ్చాము.

బస్టాండులో నాయన రెండు చాయ్‌లు తెచ్చాడు. నేను నా గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆయన కాళ్ల మీద పడాలనిపించింది, అంతమందిలో పడలేకపోయాను. "నాయనా, నేను గట్లన్న గని..." అనబోతే ఆపాడు.

"ఏడ్వకు బిడ్డా. అండ్ల తప్పేమున్నది? లేబర్ ఆఫీసర్లు చెకింగ్‌కు వస్తే మేం గూడ గంతే. కంపెనోళ్లు మా పేర్లు బుక్కుల ఎక్కియ్యరు గద. ఈడ పనిచేస్తలేము సార్, దోస్తును చూడనీకి వచ్చినం అని చెప్తం. చెప్పకుంటే తెల్లారి గేటు దాటనియ్యరు. ఎన్నిసార్లు చెప్పిననో నాకే యాదికి లేదు." చాయ్ చల్లారుతోందని నా గ్లాసు చూపించాడు. "జెర గట్టిగ చెప్పాలె గంతే. నీ గొంతు వణికింది."

పన్నెండేళ్లలో ఆ సంగతి ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా నాలుగు పేజీల్లో లేనిది అదొక్కటే.

పరీక్షలు కాగానే ప్యాకింగ్‌లో చేరాను. మూడో నెలలో లేబర్ ఆఫీసర్లు చెకింగ్‌కు వచ్చారు. మమ్మల్ని పదిమందిని వెనక గేటు వైపు తోలారు. అక్కడ కూడా ఒక ఆఫీసరు ఉన్నాడు, నువ్వెవరమ్మా అని అడిగాడు.

"మా పక్కింటామె ఈడ పనిచేస్తది సార్, ఆమె కోసం వచ్చిన" అన్నాను. నా గొంతు వణకలేదు.