మోసిన నల్లమన్ను

ఏడున్నర బండి కోసం విరుదునగర్ స్టేషనులో నిలబడేసరికే నాకు ఓపిక అయిపోయింది. మా కాంపౌండులో పన్నెండు ఇళ్ళు. అందరూ పత్తి గిడ్డంగుల్లో మూటలు మోసేవాళ్ళే, రెండు పూటలా కంబు సంకటే, అంటే సజ్జ సంకటే. వెనక ఖాళీ జాగాలో అందరం కలిసి కూరగాయలు వేద్దామన్నది నేను. రెండు నెలలకే మొక్కలన్నీ పసుపెక్కాయి. పదిహేను రోజుల్లో అక్కడ పచ్చదనం కనబడకపోతే పత్తి బేళ్ళు వేయిస్తానని జాగా యజమాని అనేశాడు. అందరికంటే ఎక్కువ చాకిరీ చేసిన మంగమ్మక్క నన్ను ఒక్కమాటా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

కోవిల్‌పట్టి మిల్లు లైన్లలో మా మేనత్త వాళ్ళ తోట బాగా కాస్తోందని విని బయల్దేరాను. మూడో తరగతి పెట్టెలో కూర్చోవడానికి మిరపకాయల మూటే దొరికింది. ఆ ఘాటుకు సాత్తూరు దాకా తుమ్ముతూనే ఉన్నాను. తొమ్మిది దాటాక దిగి, స్టేషను ఎదుట రెండు ఇడ్లీలు తిని, ఎండలో మైలున్నర నడిచాను. జట్కా ఎక్కకపోవడం నా బుద్ధితక్కువ. వెళ్ళేవాళ్ళు గొడుగైనా మరవకండి.

లైన్లంటే ఎదురెదురుగా రెండు వరసల పెంకుటిళ్ళు. వెనక స్నానాల నీళ్ళు పారే కాలవ, దాని పొడుగునా పొట్ల పందిళ్ళు, బీర పందిళ్ళు, కింద తోటకూర. ఏ పాదూ ఏ ఒక్కరిదీ కాదు. పగటి షిఫ్టువాళ్ళు తెల్లవారి తవ్వుతారు, రాత్రి షిఫ్టువాళ్ళు సాయంత్రం నీళ్ళు మళ్ళిస్తారు. కాసింది ముందు బాలింత ఉన్న ఇంటికి, తరవాత పిల్లలు ఎక్కువున్న ఇంటికి. చూస్తుంటే అసూయ కలిగింది, దాచడమెందుకు.

అత్త ఒట్టపిడారం పక్క పల్లె నుంచి మిల్లు పనికని వచ్చిన మనిషి. నా గోడంతా విని, మన్ను ఎక్కడిదని అడిగింది. కాస్త గర్వంగానే చెప్పాను. పట్నపు గరుసు నేలను నమ్మక, మా పల్లెల నుంచి బండ్ల కొద్దీ నల్లమన్ను తెప్పించి, గంపలతో మోసి మోకాలి లోతు పరిచామని. మావాళ్ళ లెక్కలో నల్లమన్ను తప్ప ఇంకోటి మన్నే కాదు.

"దినమూ నీళ్ళు పోస్తుండారా?" అంది.

పోస్తున్నామన్నాను.

"ఈ నల్లమన్ను, కరిసలు మన్ను, వాన తాగే మన్ను అబ్బాయా. ఒకమాటు తాగి ఆరు మాసాలు ఓర్చుకుంటాది. దానికి పోయి దినమూ నీళ్ళు పోస్తే వేరు కుళ్ళక ఏమి చేస్తాది? మేమూ అట్లే చేసినాము. మోసిందంతా మళ్ళా ఎత్తి పోసినాము."

నాలుగు గంపల గరుసుకు ఒక గంప నల్లమన్ను, ఒక గంప బూడిద కలపమంది. తోటకూర వారంలో మొలుస్తుందట. విత్తనాలు గుడ్డలో కట్టిచ్చి, మొదటి కాయ కొయ్యకుండా విత్తనానికి విడవమంది, తరవాత అడగవచ్చేవాళ్ళ కోసం. విరుదునగర్‌ను ఆమె ఇంకా విరుదుపట్టి అనే అంటుంది. విరుదుపట్టిలో నీ మాట వింటారా అని అడిగితే విత్తనాల మూట పంచె మడతలో దోపుకుని లేచాను.

మూడింటి బండిలో తిరిగొచ్చాను. సాత్తూరులో ఒకామె దోసకాయలు అమ్ముతూ, ఏటి ఇసకలో కాసినవని అరవంలో చెప్పింది. చిన్నప్పటి నుంచీ ఈ దోసకాయలు తింటూ, ఇసకలో పండుతాయన్న సంగతి ఒక్కనాడూ తలచలేదు. సిగ్గేసింది. ఆ నల్లమన్ను మోసినవాళ్ళ మొహాలు తలచుకుంటే బండి ఇంకాస్త ఆలస్యమైతే బాగుండుననిపించింది.

అయిదింటికి కాంపౌండు చేరేసరికి అందరూ గుమ్మంలోనే ఉన్నారు. అత్త ఏమిచ్చిందని అడిగారు. విత్తనాల మూట చూపించి, మన్నంతా ఎత్తి పోయాలని, తప్పు నాదేనని చెప్పాను. మంగమ్మక్క పొద్దుటి నుంచీ మూటలు మోసి వచ్చిన మనిషి. పైట కొంగు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, గోడకు బోర్లించిన గంప తీసుకుంది.

"ఈ మన్ను ఏడ పొయ్యాల?" అని అడిగింది.